సీసా అడుగున మిగిలిన చెంచాడు

ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ భర్త వీరభద్రరావు చేతిరాత లీలావతికి ఎదురయ్యేది. పెరుగు గిన్నె పక్కన గాజు సీసా, దాని మీద కాగితం: "పారెయ్యకు. బతికే ఉంది." ఓసారి ఆమె పులిసిన మజ్జిగ అనుకుని అలాంటి సీసానే సింకులో ఒంపేస్తే, మర్నాడు ఆ కాగితం వెలిసింది. అది ఆయన ఇంట్లో బీరు చేసుకునే ఈస్ట్. ప్రతి విడతలోనూ అడుగున పేరుకున్నది తీసి తర్వాతి దానికి వాడుతూ, ఆరేళ్లు సాకారు.

ఆయన పోయి ఎనిమిది నెలలు.

ఆమె ఉండే అరోరాలో మొదటి మంచు పడిన శనివారం ఉదయం, కాపెల్ ఊళ్లో ఉంటున్న కూతురు నైనిక వీడియో కాల్ చేసింది.

"అమ్మా, ఎవ్రీ మంత్ దానికి స్ట్రెంత్ పోతుంది. టుడే స్టార్టర్ చేసి దాన్ని మళ్లీ పెంచకపోతే ఇంక రాదు. నేను చెప్తా, నువ్వు చెయ్యి."

"చచ్చిపోయి ఉంటే?"

"అప్పుడు తెలుస్తుంది కదా."

తెలియడమే లీలావతికి భయం. అయినా లీటరు నీళ్లలో మాల్ట్ పొడి, అంటే మొలకెత్తిన బార్లీ పొడి, కలిపి మరిగించింది. గాజు ఫ్లాస్కులో పోసి, సింకులో చన్నీళ్లు నింపి నిలబెట్టింది. ఆ తియ్యటి వాసన ఇల్లంతా పరుచుకున్నాక, బేస్‌మెంట్ మెట్టు ఒకటి కిర్రుమంది. చలికి కర్ర బిగుసుకుంటుందని ఆయనే చెప్పేవారు. ఆమె అటు చూడలేదు.

ఫ్లాస్కును తాకింది. గోరువెచ్చన. పాలు తోడుపెట్టే వేడి. ఆసుపత్రిలో చివరిసారి పట్టుకున్న ఆయన చెయ్యీ ఇలాగే ఉంది. సీసా మూత తీసి ఒంపింది.

"థర్మామీటర్ పెట్టావా?"

"చేత్తో చూశాను."

"అమ్మా! బయట గ్లాస్ కోల్డ్ వాటర్‌లో ఉంది. లోపల చూడు!"

ముల్లు నూట నలభై ఫారెన్‌హీట్ దగ్గర, ఈస్ట్ బతకని వేడిలో ఆగింది.

"నేనే చంపేశానా, నైనికా?"

"మొత్తం వేసేశావా?"

లీలావతి సీసాను వెలుతురుకు ఎత్తింది. అడుగున చెంచాడు ఉంది. "తోడు మిగల్చకుండా గిన్నె ఎప్పుడు ఖాళీ చేశానమ్మా?"

నైనిక నవ్వింది, తర్వాత ముక్కు తుడుచుకుంది. "డాడీ కూడా ఓసారి వేడిలో వేసేశారు. మమ్మీకి చెప్పకు, క్లాస్ పీకుతుంది అన్నారు."

"బడి పిల్లలకేనా నా క్లాసులు!" అంది లీలావతి.

ఫ్లాస్కు ఖాళీ చేసి, రెండోసారి మాల్ట్ నీళ్లు గ్లాసుడే కాచింది. డెబ్బైకి దిగేదాకా ముల్లు మీంచి చూపు తిప్పలేదు. మిగిలిన చెంచాడూ, కలపడానికి ఓ అయస్కాంతం ముక్కా వేసి, రేకు మూసి, బేస్‌మెంట్‌లో పాత కంప్యూటర్ ఫ్యానుతో ఆయన చేసిన పెట్టె మీద ఉంచింది. ఫ్యాను వెయ్యగానే ఫ్లాస్కులో ఆ ముక్క గిర్రున తిరిగింది.

ఆదివారం ఏమీ లేదు. సోమవారం బడికి వెళ్లేముందూ ఏమీ లేదు. ఆ రోజు తరగతిలో ఒకే లెక్కను బోర్డు మీద రెండుసార్లు రాసింది.

సాయంత్రం కోటు విప్పకుండానే కిందికి దిగింది. ఆయన చొక్కాలకు పట్టి ఉండే వాసన ఎదురొచ్చింది. గాజు అంచు చుట్టూ నురగ.

వెనక మెట్టు కిర్రుమంది. ఈసారి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

ఫ్యాను ఆపి, సీసా మీది కాగితం తడవకుండా పట్టుకుని, కొత్త ఈస్టును ఆ సీసాలోకే ఒంపింది. పెరుగు పక్కన పెట్టింది.