మొక్కుబడి పుంజు ఈక

మాఘమాసం వచ్చిందంటే తుంగభద్ర ఒడ్డున బెస్తవాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. వానాకాలమంతా ఒడ్లు ఒరుసుకుని పారిన ఏరు అప్పటికి బండల నడుమ మడుగులు మడుగులుగా తెగిపోతుంది. పైన హోస్పేట దగ్గర డ్యామ్ కట్టాక మరీ తొందరగా తెగుతోందని ఊళ్లో గొణుగుడు. అది నిజమో కాదో ఆ ఏటికే తెలియాలి. మిగిలిన నీళ్లు మాత్రం అడుగున ఇసుక కనపడేంత తేటగా, చెయ్యి పెడితే జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. అంత తేట నీళ్లలో వల వేస్తే చేప దాన్ని చూసి పక్కకు తప్పుకుంటుంది. రాగిముద్ద గాలానికి గుచ్చి నోటి ముందు పెట్టినా బండసందుల్లోంచి కదలదు.

ఎండ నడినెత్తికి వచ్చాక కాసేపు మాత్రం నీళ్ల మీద సన్నటి పురుగులు ముసురుతాయి. వాటి కోసం చేప పైకి వస్తుంది. ఆ కాసేపటికి పనికొచ్చేది ఈక గాలం. కొక్కేనికి పుంజు మెడ ఈకను పట్టుదారంతో చుట్టి, పురుగు వాలినట్టుగా నీళ్ల మీద ఆడించాలి. ఆ విద్య ఊరు మొత్తానికి మారెన్నకు ఒక్కడికే వచ్చు. వాళ్ల నాయన నేర్పి పోయాడు. ఉగాది దాకా మారెన్న ఇల్లు గడిచేది ఆ ఈకల మీదే. ఉగాది దాటి నీళ్లు వెచ్చబడితే ఇక దిగులు లేదు, చేప తనంతట తానే ఎగబడుతుంది. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి చేపకు గిరాకీ కూడా పెరిగింది. ఉగాది దాకా ఎట్లాగో బతికి బట్టకట్టడమే కష్టం.

ఆ ఏడు మారెన్న చూరులో దాచుకున్న ఈకల పొట్లం విప్పి చూస్తే అందులో పొడి తప్ప ఈక లేదు. పురుగులు తినేశాయి. ఊళ్లో ఇంకెవరి పుంజు ఈకలైనా అడుగుదామంటే, దీపావళి దాటాక తెగులు తగిలి కోళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలిన పుంజు ఒక్కటే. అది ఉన్నది మారెన్న ఇంట్లోనే. ఎర్రగా, మెడ నిండా బంగారు రంగు ఈకలతో, గంప కింద రాజాలాగా ఉంది. ఏం లాభం? దాన్ని ముట్టుకోవడానికి లేదు.

అది సుంకులమ్మకు మొక్కిన పుంజు. శ్రావణంలో మారెన్నకు వాంతులూ భేదులూ పట్టుకుని కళ్లు తేలేస్తే, అతని పెళ్లాం సోమక్క తడిబట్టలతో గుడి ముందు పొర్లి, మామను నిలబెట్టు తల్లీ, ఉగాది జాతరకు పుంజునిస్తానని మొక్కింది. మారెన్న ఆమెకు సొంత మేనమామ. పుట్టినప్పటి నుంచీ మామా అనే పిలుపు, పెళ్లయ్యాకా అదే పిలుపు. మామ లేచి కూర్చున్నాడు. మొక్కిన పుంజును ఈక ఊడకుండా అప్పగించాలి. ఈక పీకితే, మొక్కు ఎవరి కోసమో వాళ్ల మీదికే వస్తుందని అక్కడి నమ్మకం.

మారెన్న రోజూ ఉత్త చేతులతో వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. గంజి పల్చబడి నీళ్లయింది. ఒక పొద్దున అతను ఏటికి పోయాక సోమక్క గంప ఎత్తింది, కళ్లు గట్టిగా మూసుకుంది, పుంజు మెడలోంచి రెండు ఈకలు పీకింది. పుంజు కెవ్వుమంది. ఆమె ప్రాణం అంతకంటే గట్టిగా కెవ్వుమంది.

"యాడివే ఇవి?" అన్నాడు మారెన్న సాయంత్రం.

సోమక్క నోటికి అబద్ధం ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. "పూజారమ్మ ఇచ్చింది మామా. పోయినేటి జాతర ఈకలంట, అమ్మ పాదాల కాడ ఉండె. నీ కష్టం జూసి ఇచ్చింది."

మారెన్న వాటిని కళ్లకు అద్దుకున్నాడు. అది చూసి సోమక్కకు ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే ఎందుకంటాడని మింగేసింది.

మర్నాడే చేపలు పడ్డాయి. ఆ మర్నాడు ఇంకా పడ్డాయి. ఇంట్లో పులుసు కాగింది. సోమక్కకు మాత్రం ముద్ద దిగలేదు. మారెన్న తుమ్మితే ఉలిక్కిపడేది, దగ్గితే నుదురు పట్టుకుని చూసేది. అతను పెరట్లోకి వచ్చే అలికిడి అయితే చాలు, పుంజు మెడ కనపడకుండా గంప మీద గోనెసంచి కప్పేది. పొద్దున అతను పుట్టిని నెత్తిన బోర్లించుకుని ఏటికి పోతుంటే, వెదురుబద్దల మీద తోలు కప్పిన ఆ గుండ్రటి తెప్ప కింద రెండు కాళ్లు నడిచిపోతున్నట్టు కనపడేది. ఆ కాళ్లు మళ్లీ వస్తాయా అని గడపలోనే నిలబడి చూసేది.

మొదట్లో ఆమెకు భయం అమ్మవారితోనే. తర్వాత మారెన్నతో మొదలైంది. ఎందుకంటే మారెన్నకు భయం పోయింది. ఏట్లో పుట్టి పెరిగినవాడికి నీళ్లంటే కొంచెం జంకు ఉండాలి, ఉంటేనే నాలుగు కాలాలు బతుకుతాడు. అమ్మ పాదాల దగ్గరి ఈక తన గాలానికి ఉందనుకున్నాక మారెన్నకు ఆ జంకు కాస్తా వదిలిపోయింది. చిన్న మడుగులు వదిలేసి నక్కబండ మడుగు మాట ఎత్తాడు.

ఊరి దిగువన లోతు మిగిలింది ఆ ఒక్క మడుగులోనే. పెద్ద చేపలన్నీ అక్కడికే చేరతాయి, వాటి వెనకే మొసలి కూడా చేరింది. చలి పొద్దుల్లో నక్కబండ మీద ఎండ కాగుతూ పడుకుని ఉంటుంది. వెనకటేడు ఏసేపు అనే మనిషి పిక్క కండ దానికే ఇచ్చి, కట్టె పట్టుకుని నడుస్తున్నాడు.

"ఆ మడుగుకు పోవద్దు మామా. ఉగాది యాడో లేదులే, వచ్చె గదా. అంతవరకూ ఉండేది తిందాం," అని సోమక్క బతిమాలింది.

"తల్లి ఈక ఉండంగ నాకేమైతాదే పిచ్చిదానా?" అని నవ్వాడు.

నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లో నోరు తెరిచింది. చెబితే వణికిపోతాడు, గాలం ముట్టడు, మళ్లీ గంజినీళ్లే. చెప్పకపోతే మొసలి నోట్లోకి పోయేట్టున్నాడు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నెట్టుకొచ్చింది.

ఒక మధ్యాహ్నం, పక్కింటి పెద్ద ఈరన్న రొప్పుకుంటూ వచ్చాడు. అతనిదీ పుట్టి బతుకే. "ఏం సోమక్కా, నీ మొగుడు నక్కబండ మడుగులో పుట్టి ఏసినాడు. కాలు బయటికి ఏలాడేసి, అత్తగారింటి అరుగు మింద కూసున్నట్టు కూసున్నాడు. నేను సెప్తే ఇనడంలేదు, నువ్వన్నా సెప్పుదువు రా!"

సోమక్క చేతిలోని చేట అక్కడే పడేసి పరుగెత్తింది. ముళ్లు గుచ్చుకున్నా తెలియలేదు. ఒడ్డుకు చేరి ముందు నక్కబండ వైపు చూసింది. మొసలి లేదు. బండ మీద అది పడుకున్న మేర ఇంకా తడిగా మెరుస్తోంది. మొసలి కనపడితే ఒక భయం, కనపడకపోతే పది భయాలు.

మడుగు నడుమ మారెన్న తీరిగ్గా గాలం ఆడిస్తున్నాడు. ఎడమకాలు చీలమండ దాకా నీళ్లలో ఉంది. పక్కనే తాడుకు గుచ్చిన చేపలు వేలాడుతున్నాయి.

"మామా! వచ్చెయ్ మామా!"

"అరవొద్దే, చేప బెదురుతాది," అన్నాడు మారెన్న తల తిప్పకుండా. "తల్లి ఈక ఉండాదిలే."

"అది తల్లి ఈక కాదు మామా!" సోమక్క గొంతు చిరిగిపోయేట్టు అరిచింది. "పూజారమ్మ ఇయ్యలేదు! మన పుంజుది! నీకోసరం మొక్కిన పుంజుది! నేనే పీకినా!"

మారెన్న తల తిప్పాడు. మొదట ఏమీ అర్థం కానట్టు చూశాడు. తర్వాత గాలం కొసన ఉన్న ఈకను చూశాడు. మనిషి ముఖం అంత తొందరగా మారడం సోమక్క మళ్లీ ఎప్పుడూ చూడలేదు. తేలు కుట్టినట్టు కాలు లోపలికి లాక్కుని, మోకాళ్లు కావలించుకుని, పుట్టి అడుగున ముడుచుకున్నాడు.

కాలు పైకి వచ్చిన చోటే నీళ్లు పగిలాయి. నల్లటి మూతి లేచింది, తాడుతో సహా చేపలను అందుకుంది, మునిగింది. పుట్టి గిర్రున తిరిగింది. తెడ్డు కొట్టుకుపోతున్నా మారెన్న చెయ్యి చాపలేదు. వెనకే వచ్చిన పెద్ద ఈరన్న తన పుట్టి దించి, తెగువ చేసి పోయి, మారెన్న పుట్టిని ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడు. మారెన్న చేతులు మోకాళ్ల నుంచి విడదీయడానికి ఇద్దరూ పట్టాల్సి వచ్చింది.

మొగుడిని బతికించుకున్న ఇల్లాలని ఊరంతా సోమక్కను మెచ్చుకుంది. మెచ్చుకోవడానికేం, వాళ్లింట్లో మారెన్న లేడు. అతను ఏటి వైపు పోవడం మానేశాడు. బిందెలో నీళ్లు తొణికినా ఉలిక్కిపడేవాడు. సోమక్కను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఆమె ఏడ్చేది. పొద్దున లేవగానే గంప ముందు కూర్చుని ఒకటే అడిగేవాడు.

"ఎన్ని ఈకలు పీకినావే?"

"రెండే మామా."

"రెండేనా?"

మర్నాడు పొద్దున మళ్లీ అదే.

అయినా సోమక్క ఆశ వదల్లేదు. పుంజు మెడలో బోసిపోయిన చోట కొత్త ఈకలు మొలుస్తున్నాయి. జాతర నాటికి అవి నిండితే, తల్లి పుంజును ఒప్పుకుంటే, మామ భయం తీరుతుంది, ఏరు వెచ్చబడే వేళకు మళ్లీ గాలం పడతాడు అనుకుంది. రోజూ గంప ఎత్తి ఆ ఈకలు ఎంత పెరిగాయో చూసుకునేది.

ఉగాది వెళ్లి జాతర వచ్చింది. మారెన్న గుడికి రానన్నాడు, సోమక్క ఒక్కతే పుంజును చంకన పెట్టుకుని పోయింది. పూజారమ్మ తిరుపతమ్మ పుంజు మీద పసుపునీళ్లు చల్లింది. పుంజు ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. పుంజు కదల్లేదు. మళ్లీ చల్లింది. కదల్లేదు. సోమక్క కింద కూలబడి, తప్పు నాది తల్లీ, మామను ఏమనొద్దు అని లోలోపల మొత్తుకుంది. మూడోసారి నీళ్లు పడ్డాక పుంజు మెడ నిక్కించి, తల నుంచి తోక దాకా దులిపేసింది. డప్పులు మోగాయి. సోమక్క అక్కడే ఏడ్చేసింది.

పుంజును కోశాక తలా మెడా పూజారమ్మకు చెందాలి. ఆ మెడ ఈకల్లోంచి ఒక గుప్పెడు పసుపు రాసి, తిరుపతమ్మ తానే సోమక్క ఒళ్లో పోసింది. "నీ మొగునికియ్యిమ్మా. గాలానికి పనికొస్తాయి."

సోమక్క ఇంటిదాకా పరుగులాంటి నడక నడిచింది. ఒడి విప్పి మారెన్న ముందు పోసింది. "చూడు మామా! ఇవి నిజంగా తల్లి ఈకలు. పూజారమ్మే తన చేత్తో ఇచ్చింది!"

మారెన్న వాటిని ముట్టుకోలేదు. ఆమె ముఖంలోకి చూశాడు. "అప్పుడూ ఇట్లనే సెప్తివి గదనే," అన్నాడు.

సోమక్క ఆ ఈకలను ఒక్కొక్కటిగా ఏరి మళ్లీ ఒడిలో కట్టుకుంది.

చైత్రం ఎండకు నీళ్లు వెచ్చబడ్డాయి. చేపలు మడుగుల్లో ఎగిరెగిరి పడుతున్నాయి, చప్పుడు ఇంటిదాకా వినపడుతోంది. మాఘం అంతా ఎదురుచూసింది ఈ చప్పుడు కోసమే. మారెన్న చెవులు మూసుకున్నాడు. బతిమాలగా బతిమాలగా, గాలానికి ఈక మాత్రం చుట్టి ఇచ్చాడు. ఒకరోజు ఎండ ఎక్కాక సోమక్క చీర కుచ్చెళ్లు బిగించి, పుట్టిని నెత్తిన బోర్లించుకుంది. ఆడది పుట్టి ఎక్కడమేమిటని పెద్ద ఈరన్న నోరు తెరిచాడు, ఆమె ముఖం చూసి మూసుకున్నాడు.

వెళ్లింది చిన్న మడుగుకే. అయినా ఒడ్డు నుంచి పుట్టి కదలగానే ఆమె అంచును గట్టిగా పట్టుకుంది. నీళ్ల కింద ప్రతి బండా మొసలి మూతిలాగే కనపడింది. గాలానికున్న ఈక నిజంగా అమ్మ ఇచ్చినదే, ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా ధైర్యం రాలేదు. తన ఒక్క అబద్ధంతో మారెన్నకు అంత ధైర్యం ఎట్లా వచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తే ఆమెకు ఒళ్లు జలదరించింది.

మారెన్న నీళ్లకు దూరంగా, తుమ్మచెట్టు మొదలు పట్టుకుని నిలబడ్డాడు.

"సోమీ! వచ్చెయ్యే! దుడ్లూ వద్దు చేపా వద్దు, వచ్చెయ్!"

అచ్చం తనలాగే అరుస్తున్నాడు. సోమక్క కాళ్లు రెండూ పుట్టి లోపలికి ముడుచుకుని, గాలం కర్ర ఎత్తింది.

"అరవొద్దు మామా," అంది. "చేప బెదురుతాది."