ఒక పనికి ఇద్దరు

ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, సీతారాండేరా పేటలో మాకు చిన్న వంటశాల ఉంది. కాంట్రాక్టు పనివాళ్ళకు మధ్యాహ్నం భోజనం డబ్బాలు కట్టి పంపుతాం. మా దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారో లేబర్ ఆఫీసుకు తెలపాలి. ఇన్నాళ్ళూ నాకు తోచిన లెక్క నేను చెప్పేవాణ్ణి. ఈసారి సాయానికి ఉజ్వలను రమ్మన్నాను. మాకు తెలిసిన రైల్వేవాళ్ళ అమ్మాయి, బిష్టుపూర్‌లో ఒక లెక్కల ఆఫీసులో పనిచేస్తోంది.

తను వచ్చేసరికి శుక్రవారం పూజ ముగించి పులిహోర పంచుతున్నాను. అమ్మవారి ప్రసాదం పనివాళ్ళందరి చేతుల్లో పడ్డాకే మేం తింటాం. నూకాలమ్మ చెయ్యి చాపింది. ఆమె వెనక, తన వంతు వారం కాకపోయినా ప్రసాదానికి వచ్చిన తోటికోడలు జోగమ్మ నిలబడింది.

"పనోళ్ళు ఎంతమంది బాబాయ్?" అని అడిగింది ఉజ్వల.

"పదకొండు మందమ్మా."

"మరి నూకాలమ్మ వెనక ఉన్నావిడ?"

"ఆళ్ళిద్దరిదీ ఒకటే పని. ఓ వారం అది వత్తే ఓ వారం ఇది వత్తాది. ఇంటికాడ పిల్లల్ని సూసుకోవాల గదా! జీతం సెరి సగం."

"అరే బాబాయ్, గల్తీ అదే! సర్కార్ అడిగేది పనులెన్నని కాదు, మనుషులెంతమందని."

నూకాలమ్మ ప్రసాదం పట్టుకున్న చెయ్యి నోటిదాకా వెళ్ళలేదు.

"ఇద్దరని రాత్తే ఒకల్ని తీసేత్తారేటి, తవిటయ్య బాబూ? దీన్ని మాత్రం తియ్యకండి. నీళ్ళోసుకుంది. ఇప్పుడు మానిపిత్తే దీనికి పనెవులిత్తారు?"

"తీసి పారెయ్యడానికి నానేటి, కూరలో కరేపాకునా?" అంది జోగమ్మ.

ప్రసాదం పెట్టేటప్పుడు ఇద్దరుగా కనబడినవాళ్ళు సర్కారుకు చెప్పేటప్పుడు ఒక్కరెలా అయ్యారు? తెలియక చెప్పింది కూడా అబద్ధమే అవుతుందా? అమ్మవారి వైపు చూశాను. ఆ తల్లి ఏమంటుందో నాకెలా తెలుస్తుంది?

"పన్నెండు అని సెప్తే ఇద్దర్నీ ఉంచుకోవచ్చా తల్లీ?" అని అడిగాను.

"ఎందుకుంచుకోకూడదు? సగం రోజులు చేసినా మనిషి మనిషే. ఇద్దరూ ఉంటారు, ఇద్దర్నీ చూపిస్తాం. ఈఎస్ఐ కార్డు కూడా ఈవిడకి వేరేగా చేయించాలి. వెనకటి లెక్క ఎలా సరిచెయ్యాలో మా సార్‌ని అడుగుతాను. ఫైన్ ఏమైనా పడొచ్చు మరి."

"పడితే కట్టేత్తాను. ఆళ్ళిద్దర్నీ రాయి."

గుండెల మీంచి బండ దించినట్టయింది. జోగమ్మ అక్కడే నేల మీద చతికిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. నూకాలమ్మ తన చేతిలోని పులిహోర ఆమె నోట్లో పెట్టింది.

"తినవే, ఇంక భయం లేదు."

ఉజ్వల ఫోను తీసి పేర్లు ఎక్కించడం మొదలుపెట్టింది. జోగమ్మ దగ్గరకు వచ్చేసరికి, "ఆప్ కా నామ్? నీ పేరు చెప్పమ్మా" అంది.

"నూకాలమ్మ" అంది జోగమ్మ టక్కున. తన వంతు వారంలో ఆ పేరుకు పలకడమే ఆమెకు అలవాటు.

"ఓసినీ! నాను బతికే ఉన్నానే!" అంటూ తోటికోడలు ఆమె వీపు మీద ఒక్కటిచ్చింది.

వంటశాల అంతా గొల్లున నవ్వింది. జోగమ్మ కూడా నవ్వింది. నోట్లో మెతుకులు మింగి, కొంగు సర్దుకుని, ఈసారి నిదానంగా చెప్పింది.

"జోగమ్మండి."