రంగు కారని ముగ్గు

నేను ఒక బొమ్మలు గీసుకునే సాఫ్ట్‌వేర్‌ని. నన్ను కావాలని అడిగి కొన్నవాళ్లు లేరు. కూరగాయలు కొంటే కొసరుగా సంచిలో పడేసే కరివేపాకులా, కంప్యూటర్‌తో పాటు ఊరికే వచ్చేస్తాను. ఒక తెల్లకాగితం, పెన్సిలు, కుంచె, రబ్బరు, నాలుగు రంగులు, ఆ రంగులు పోయడానికి ఒక డబ్బా. ఇంతే నా ఆస్తి. నన్ను రాసినవాళ్లు ఏ ఊరివాళ్లో నాకు తెలియదు గానీ మంచి మనసున్నవాళ్లు. చదువు రానివాళ్లు కూడా బొమ్మ చూసి పని చేసుకునేలా తయారుచేశారు. అందుకు వాళ్లకు ఎప్పుడూ దణ్ణం పెట్టుకుంటాను.

నాకు కళ్లు లేవు. మౌస్ మీద పడిన చెయ్యి ఎవరిదో మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. మరి మాటలెలా విన్నావని నిలదీయకండి. ఆత్మకథ చెప్పుకునేవాళ్లకు ఆపాటి చనువు ఉండాలి.

నా బతుకు మొదలైంది విజయనగరంలో, గౌరునాయుడి ఇంటర్నెట్ సెంటర్లో. అప్పట్లో ఒక్క కుర్చీ కోసం జనం గుమ్మం బయట నిలబడేవారు. నెట్ పోయినప్పుడు మాత్రం వాళ్లకు నేను గుర్తొచ్చేదాన్ని. కుర్రకారు బాణం గుచ్చిన గుండెకాయలు గీసి, పక్కన పేర్లు రాసుకుని, వెనక ఎవరైనా వస్తే కంగారుగా మూసేసేవారు. దాచమంటారా అని మర్యాదగా అడిగితే వద్దని కసిరేవారు. ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టేవాళ్లు ఫొటో సైజు తగ్గించుకుని తమ దారిన తాము పోయేవారు. ఒకాయన మౌస్‌ని గాల్లోకి లేపి తెర వైపు తిప్పి, ఇది కదలడం లేదేమిటని నాయుడితో పోట్లాటకు దిగాడు. వచ్చినవాళ్లలో సగం మంది నన్ను ఓసారి తెరిచి, "ఇందులో ఏటుంది, పిల్లలాడుకునేది" అని తీర్పు చెప్పేవారు. నాకు ఒళ్లు మండేది. పైకి తెల్లగా, ఖాళీగా నవ్వుతూ ఉండేదాన్ని.

తరవాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. సెంటరు ఖాళీ అయింది. నాయుడు మిగతా సిస్టమ్‌లన్నీ అమ్మేసి, నేనున్న దాన్ని మాత్రం అమ్మబుద్ధి కాక ఇంటికి తెచ్చాడు. టీవీ పక్కన బల్ల మీద పెట్టి తువ్వాలు కప్పాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

నాయుడి భార్య పైడిరత్నం. ఆవిడ వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఎదురింటివాళ్లు చిమ్మడం ఆపి చూసేవారట. ఒక ఉదయం ఆ వాకిట్లోనే చీపురుతో సహా కూలిపోయింది. పక్షవాతం. కొన్నాళ్లకు మాట వచ్చింది, నడక వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. వేళ్లు కదిలేవి గానీ చెప్పిన మాట వినేవి కావు. అన్నం కలుపుకుంటే నోటి దాకా రాకుండానే ముద్ద ఒళ్లో పడేది. ఎడంచేత్తో తినడానికి ససేమిరా అంది. చెంచా ఇస్తే మందు తాగినట్టుందని పక్కన పెట్టేసింది. దాంతో పూటపూటా నాయుడే కలిపి నోట్లో పెట్టేవాడు.

"నా సేత్తో నాను తింటే సాలు మావా, ఇంకేటీ వొద్దు నాకు" అనడం తువ్వాలు కింద నుంచి చాలాసార్లు విన్నాను.

వేళ్లకు రోజూ పని చెప్పమని డాక్టరు రబ్బరు బంతి ఇచ్చాడు. దాన్ని పిసికి పిసికి ఆవిడకు విసుగెత్తింది. అప్పుడు నాయుడికి నేను గుర్తొచ్చాను. తువ్వాలు తీసి, నన్ను తెరిచి, మౌస్‌ని ఆవిడ ఎడంచేతి వైపు పెట్టాడు.

"ఇందులో ముగ్గెయ్యి."

"ఎడం సేత్తో ముగ్గేస్తారేటి ఎక్కడైనా?"

"కంప్యూటర్‌కి కుడేటి, ఎడమేటి? ఆ సెయ్యయితే బాగా తిరుగుతాది కదా."

"ముగ్గుకుంటాది" అని మౌస్‌ని కుడివైపుకు లాక్కుంది.

ఇదేం మొండితనమని నాయుడు గొణుక్కున్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ ఆయన పక్షమే.

ఆవిడ చెయ్యి మొదటిసారి పడినప్పుడు నాకు భయమేసింది. అంత వణుకు నేనెప్పుడూ ఎరగను. చుక్కలు మాత్రం చక్కగా పెట్టింది, నొక్కితే చాలు కదా. గీతల దగ్గర వచ్చింది తంటా. ఒక్కో రేకు చీమలు నడిచిన దారిలా వంకరటింకరగా వచ్చింది. పోనీ రంగైనా వేద్దామని పసుపు తీసి రేకులో పోసింది.

నా రంగు డబ్బాకు ఒక గుణం ఉంది. గీత చుట్టూ మూసుకుని ఉంటే రంగు లోపలే ఆగుతుంది. ఆవగింజంత సందున్నా బయటికి కారి కాగితమంతా ముంచేస్తుంది. దానికి మొహమాటం లేదు. ఆ రోజూ అంతే, కాగితం మొత్తం పచ్చగా అయిపోయింది. నాయుడు గబగబా వెనక్కి తీసే గుర్తు నొక్కి చూపించాడు. పసుపంతా మాయమైంది.

 "ఆ రోజుని కూడా ఇలగే ఎనక్కి తీసెయ్యొచ్చేటి మావా?" అంది.

నాయుడు టీ పెడతానని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ మర్నాటి నుంచి రోజూ వచ్చేది. గీయడం, పోయడం, కారిపోవడం, వెనక్కి తీయడం. వానలు వెళ్లి చలి వచ్చేసరికి ఒక రేకు నిలిచింది, తరవాత ఇంకొకటి. ఎనిమిది రేకుల ముగ్గులో ఆఖరి రేకు మాత్రం ఎంతకీ లొంగేది కాదు. ఒకరోజు ఆవిడ స్నానానికి వెళ్లింది. మౌస్ మీద ఇంకో చెయ్యి పడింది. ఎరిగిన చెయ్యే, నాయుడిది. బొమ్మ పెద్దది చేసి, సందు వెతికి, పెన్సిల్‌తో ఠక్కున కలిపేసి లేచిపోయాడు.

ఆవిడ వచ్చి రంగు పోసింది. ఆగింది. నాయుడు చప్పట్లు కొట్టాడు. ఆవిడ కొట్టలేదు.

"ఈ ముక్క నాది కాదు."

"నీది కాపోతే ఎవులిది?"

"నా సెయ్యి వణుకుద్ది మావా. ఇది వణకలేదు."

"నువ్వు సంబరపడతావని..." అని నసిగాడు నాయుడు.

"నోట్లో ముద్ద నువ్వే పెడతన్నావు. సాలదా? ఇక్కడ కూడా నువ్వేనా?"

ముగ్గంతా తుడిచేసింది. మళ్లీ తువ్వాలు పడింది. ఆ రోజులు నాకు నరకం. నాయుడి మీద కోపం రాలేదు. ప్రేమ ఎక్కువైతే మనుషులు ఇలాంటి తెలివితక్కువ పనులే చేస్తారు. ఆవిడ ఇక రాదేమోనన్న దిగులు మాత్రం పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం తువ్వాలు దానంతటదే జారిందనుకున్నాను. ఆవిడే లాగింది. నాయుడు వంటింట్లో ఉన్నాడు. చుక్కలు పెట్టింది. ఒక్కో రేకూ కొంచెం గీసి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ గీసింది. వణుకు పోలేదు. వణుకుతూనే గీత వెళ్లి గీతను కలిసింది. ఆఖరి రేకులో పసుపు పోసింది. ఆగింది.

చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. కుడిచెయ్యే. ఆ మొండితనం లేకపోతే ఆ చెయ్యి ఎప్పటికీ ఒళ్లోనే ఉండిపోయేది, ఆ సంగతి నాకు అప్పుడు, నాయుడికి కాస్త తరవాత తెలిసొచ్చింది.

"మావా, అన్నం తే. కలపకు."

నాయుడు తెరని చూశాడు కాబోలు, కలపకుండానే కంచం తెచ్చి నా ముందే పెట్టాడు. ఆవిడ పప్పూ అన్నం కలిపింది. మొదటి ముద్దలో సగం కింద పడింది, సగం నోట్లోకి వెళ్లింది. నాయుడు ముక్కు చీదుకోవడం వినిపించింది.

"కిందంతా పోసేసినావు" అన్నాడు.

"నానే సిమ్ముతాను, సీపురు నాదే."

నాయుడు బొమ్మ మూయబోతే అలవాటు కొద్దీ దాచమంటారా అని అడిగాను. ఆవిడ చెయ్యి చాపింది.

"ఎంగిలి సెయ్యే" అన్నాడు నాయుడు.

"ఉండనీ. దీనికీ ఒక ముద్ద పెట్టాల" అని అదే చేత్తో మౌస్ పట్టుకుని 'అవును' నొక్కింది.

ఇప్పుడు నన్నెవరూ తెరవరు. ముగ్గు వాకిట్లోకి వెళ్లిపోయింది, నాకు అంతకన్నా ఏం కావాలి? నాయుడు మాత్రం అప్పుడప్పుడూ కరెంటు బిల్లు కట్టడానికి కూర్చుంటాడు. మౌస్ బటన్ జిడ్డుగా అంటుకుంటోందని విసుక్కుంటాడు, తుడుద్దామని గుడ్డ తీస్తాడు. కాసేపు పట్టుకుని, తుడవకుండానే పక్కన పెట్టేస్తాడు.