ఎడమ రేకు, కుడి రేకు

రేకులావిడ అంటే ఆ నాలుగు వీధుల్లో తెలియనివాళ్లు లేరు. పెద్ద వంటగదుల పొగగొట్టాలు, దుకాణాల్లో ఏసీ గాలి మోసే గొట్టాలు, ఫ్యాక్టరీ యంత్రాలకు మూతలు, రేకుతో అయ్యే పని ఏదైనా ఆమె షెడ్డుకే వచ్చేది. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. నలభై ఆరేళ్లు వచ్చినా పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఆర్డర్లు ఎక్కువండీ, తీరిక దొరకలేదు" అనేది.

ఆమెకు ఉన్నది ఒక్క అక్క. ఆ అక్క మొగుడిది రెండు వీధుల అవతల మోటారు సైకిళ్ల వర్క్‌షాపు. మామూలు బళ్లు కాదు, దూరప్రయాణాలకు తిరిగే పెద్ద బళ్లు. అవి ఉన్నవాళ్లంతా కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. ఎక్కడికి వెళ్లినా ముందు నడిచేది బావే కాబట్టి ఆయన్ను కెప్టెన్ అనేవారు. ఆ పిలుపు వింటే ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

ఆ బళ్లు పరిగెత్తుతున్నంతసేపు ఏ బాధా లేదు. ట్రాఫిక్‌లో ఆగితేనే చిక్కు. వెనక సిలిండరు సరిగ్గా తొడల కింద ఉంటుంది. బండి నిలబడగానే రేడియేటరు ఫ్యాను తిరగడం మొదలుపెట్టి, ఇంజను వేడినంతా తెచ్చి కాళ్ల మీద పోస్తుంది. ఒక ఎండాకాలం బావ షెడ్డుకొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"కాళ్లు ఉడికిపోతున్నాయమ్మా. ఇంకో గంట ఆగితే తోలు ఒలుచుకుని తినొచ్చు. నీ రేకులతో ఏదైనా అడ్డం పెట్టగలవా?"

ఆమె మూడు వారాలు ఆ బండితోనే గడిపింది. ఉన్ని దారం ముక్కలు కత్తిరించి, ఫ్రేము పొడవునా టేపుతో అంటించి, ఇంజను ఆన్ చేసి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేది. దారాలు ఎటు ఎగురుతున్నాయో చూస్తే గాలి ఎటు పోతోందో తెలుస్తుంది. వేడిగాలి ఫ్రేముకు కొట్టుకుని పైకి మళ్లుతోందని కనిపెట్టింది. రెండు అల్యూమినియం రేకులు కోసి, గాలిని కిందికీ బయటికీ నెట్టేలా వాటి అంచు మడిచింది. రేకుకూ సైలెన్సరుకూ మధ్య వేలెడు సందు వదిలింది. వేడిని అసలు ఆపేది ఆ సందే. బావ బండి తీసుకెళ్లి, నడి ట్రాఫిక్‌లో గంట తిరిగి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

నెల తిరక్కుండానే అవి కెప్టెన్ గీసిన రేకులయ్యాయి. క్లబ్బులో అందరికీ అలాగే చెప్పాడు. ఆ సంగతి తెలిసినా ఆమె అక్క మొహం చూసి ఊరుకుంది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. బావ అవే రేకులు వేరేచోట చవగ్గా చేయించడం మొదలుపెట్టాడు. పల్చటి రేకు, సందు లేదు, లోపల ఏదో స్పాంజి అంటించారు. క్లబ్బులోని లెక్కల మాస్టారు వాటిని బిగించుకుని వెళ్తే, దారిలో స్పాంజి కరిగి కాలికి అతుక్కుంది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడాయన.

క్లబ్బు మీటింగులో బావను నిలదీశారు. ఆయన తడుముకోలేదు.

"మా మరదలు చేసిన పని అది. అయినవాళ్లు కదా అని ఆర్డరు ఇచ్చాను. కొంప ముంచింది."

ఆ మాట అన్నప్పుడు ఆమె గుమ్మం దగ్గరే ఉంది, అక్కను ఇంటికి తీసుకెళ్దామని వచ్చి. అందరి తలలూ అటు తిరిగాయి. ఆమె అక్క వంక చూసింది. అసలు రేకులు ఎక్కడ చేయించారో అక్కకు తెలుసు. అక్క తల వంచుకుని నేలకేసి చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఏడాదిపాటు షెడ్డులో పని సగమైంది. పొగగొట్టాల కోసం వచ్చేవాళ్లు కూడా, "మీరేనా ఆ కాలు కాలిన కేసు?" అని అడిగి వెళ్లిపోయేవారు. ఒకరోజు మాస్టారి భార్య వచ్చి, ఏమీ అనకుండా గుమ్మంలో కాసేపు నిలబడి, ఆమె చేతుల వంక చూసి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనుకుంది రేకులావిడ.  ఆ రోజు నుంచి సుత్తి దెబ్బ వేసినప్పుడల్లా బావ పేరున లోపల ఒక లెక్క పడుతుండేది.

రెండో ఎండాకాలం అక్క వచ్చింది. బావ కొత్త బండి కొన్నాడు. అది పాతదానికి రెట్టింపు కాలుతోంది. క్లబ్బు పెద్ద ప్రయాణం పెట్టుకుంది, తొమ్మిది రోజులు. ఇరవై బళ్లకూ రేకులు కావాలి. బావ నాలుగుసార్లు ప్రయత్నించాడు, కుదరలేదు.

"ఆయన మీద కోపం నా మీద చూపించకే," అంది అక్క. "ఆయన అడగమన్లేదు. నేనే అడుగుతున్నా. చేసిపెట్టవే."

"బండి పంపించు," అంది చెల్లెలు.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదేమో, అక్క కళ్లు తుడుచుకుంది.

బండి నాలుగు రోజులు షెడ్డులో ఉంది. మళ్లీ దారాలు, మళ్లీ నేల మీద కూర్చోవడం. కొత్త ఇంజను గాలి తీరే వేరు. రేకు మడత ముందువైపుకు ఉంటేనే వేడి కిందికి పోతోంది. చూసేవాళ్లకు అది తిరగబడినట్టు కనిపిస్తుంది. ఎవరైనా మడత వెనక్కి ఉండాలనే అనుకుంటారు. ఎడమ రేకు కుడికీ, కుడిది ఎడమకీ మార్చి బిగిస్తే మడత వెనక్కి వస్తుంది. అప్పుడు అది దోసిలి పట్టినట్టు వేడిగాలిని పట్టి పైకి విసురుతుంది.

పనితనం తెలిసినవాళ్లు ఇలాంటిచోట రెండు రేకులకూ బోల్టు రంధ్రాలు వేర్వేరుగా వేస్తారు, పొరపాటున కూడా మార్చి బిగించడానికి వీల్లేకుండా. ఆమె డ్రిల్లు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత రంధ్రాలు రెండింటికీ ఒకేలా వేసింది. ఎటైనా సరిపోతాయి.

మర్నాడు మధ్యాహ్నం రేకులు మార్చి బిగించి, ఇంజను ఆన్ చేసి, తనే బండెక్కి కూర్చుంది. గోడ గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు. పదో నిమిషానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. దిగేసరికి తొడలు కందగడ్డలా ఎర్రబడ్డాయి కానీ బొబ్బలు లేవలేదు. రెండు రోజులు చన్నీళ్లు పోసుకుంటే తగ్గిపోయింది. చాలు అనుకుంది. ఇంజనుకూ నష్టం లేదు.

రేకులు విప్పి, బండి తిరిగి పంపేసి, రేకుల్ని గుడ్డలో చుట్టి, వర్క్‌షాపులో క్లబ్బువాళ్లు పోగయ్యే శనివారం పొద్దున్నే తీసుకెళ్లింది. ఏడెనిమిది మంది ఉన్నారు. క్లబ్బుకు పెద్దదిక్కయిన పళ్ల డాక్టరమ్మ కూడా ఉంది. అరవై దాటినా ఆవిడ బండి దిగదు, మాట పడదు.

"కెప్టెన్ కొత్త డిజైన్ అంటే ఇదేనా?" అంది డాక్టరమ్మ.

"గీసింది నేనే. కోత, మడత మా మరదలితో చేయించాను. ఈసారి దగ్గరుండి చూసుకున్నాలెండి," అన్నాడు బావ.

రేకులావిడ మూట బల్ల మీద పెట్టింది. "ఎలా బిగించాలో చెప్పమంటావా బావా?"

అందరూ విన్నారు. బావ నవ్వాడు.

"నేను గీసినదానికి నువ్వు నాకు చెప్పడమేంటమ్మా? తాతకు దగ్గులు నేర్పినట్టు."

"సరే," అంది ఆమె.

బావ మడత వెనక్కి పెట్టి బిగించాడు. చల్లటి పొద్దున బండిని వీధిలో అటూ ఇటూ వేగంగా తిప్పి వచ్చి, బ్రహ్మాండం అన్నాడు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "పోయినసారి ఒకాయన కాలు పోయేంత పనయింది. ఆదివారం మధ్యాహ్నం మా ఆసుపత్రి ఆవరణలో బండి నిలబెట్టి, అరగంట ఇంజను ఆపకుండా కూర్చుని చూపించు కెప్టెన్. ఆ తర్వాతే ఇరవై జతలకూ ఆర్డరు."

ఆదివారం అందరూ వచ్చారు. లెక్కల మాస్టారూ వచ్చాడు, కొంచెం కుంటుతూ. అక్క నీడలో కుర్చీ వేసుకుంది. రేకులావిడ గోడకు ఆనుకుని నిలబడింది. చేతులు కట్టుకుంది. 

బావ హెల్మెట్ పెట్టుకుని దర్జాగా బండెక్కాడు. నాలుగో నిమిషంలో ఫ్యాను మొదలైంది. ఆరో నిమిషంలో ఆయన జోకులు ఆగిపోయాయి. తొమ్మిదో నిమిషంలో కాళ్లు దూరంగా జరిపాడు, మళ్లీ దగ్గరకు లాక్కున్నాడు. చెమట గడ్డం మీంచి ట్యాంకు మీదకి కారుతోంది. ఆమె ఆ చెమట చుక్కలు కూడా లెక్కపెట్టింది.

"ఎలా ఉంది కెప్టెన్?" అడిగింది డాక్టరమ్మ.

"బాగుంది," అన్నాడు బావ. గొంతు పీలగా వచ్చింది. తేలు కుట్టిన దొంగ కేక వెయ్యగలడా?

పదమూడో నిమిషంలో బండి మీంచి దూకేశాడు. కాళ్లు ఎడంగా పెట్టి, రెండు చేతులతో ప్యాంటు తొడల దగ్గర పట్టి దూరంగా లాక్కుంటూ నిలబడ్డాడు. ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

డాక్టరమ్మ వంగి రేకుల దగ్గర చెయ్యి పెట్టి చూసింది. "గాలి పైకి కొడుతోందే. కెప్టెన్, వీటిలో ఎడమది ఏది, కుడిది ఏది?"

బావ రేకుల వంక చూశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. "రెండూ ఒకటే," అన్నాడు.

"ఒకటి కాదండీ," అంది రేకులావిడ. జేబులోంచి స్పానరు తీసి, ఇంజను కాస్త చల్లారనిచ్చి, నాలుగు బోల్టులు విప్పి, రేకులు మార్చి బిగించింది. మళ్లీ ఇంజను ఆన్ చేసి తనే ఎక్కింది. అరగంట కూర్చుంది. మధ్యలో డాక్టరమ్మ అడిగితే దారాలు కట్టి గాలి తీరు కనిపెట్టిన కథంతా చెప్పింది, బావ పాత బండికి చేసిన మొదటి రేకుల సంగతి కూడా. మొహం మీద ఒక్క చెమట చుక్క లేదు.

బావకు అప్పుడు అర్థమైంది.

"ఇది కావాలనే చేసింది," అని అరిచాడు. "నన్ను కాల్చాలనే చేసింది. మాస్టారి కాలూ ఇలాగే కావాలని కాల్చింది."

అందులో సగం నిజం. అది నమ్మేవాళ్లు మాత్రం లేరు. ఎలా బిగించాలో చెప్పనా అని ఆమె అడగడం, ఆయన నవ్వడం అందరూ చూసిందే. ఆ తర్వాత మాట్లాడింది అక్క. కుర్చీలోంచి లేవలేదు. గొంతు పెంచలేదు.

"మాస్టారివి చెల్లి చెయ్యలేదు. ఈయనే బయట చేయించారు. నాకు మొదట్నుంచీ తెలుసు."

 రేకులావిడ తాళం తిప్పి ఇంజను ఆపేసింది.

అందరూ బావ చుట్టూ మూగినప్పుడు లెక్కల మాస్టారు మెల్లగా ఆమె దగ్గరికొచ్చాడు.

"ఇన్నాళ్లూ మిమ్మల్ని తప్పుగా అనుకున్నాం. మా ఆవిడ తరఫున కూడా చెబుతున్నాను." గొంతు తగ్గించాడు. "రంధ్రాలు ఒకేలా ఎందుకు వేశారు?"

ఆమె తల ఎత్తి చూసింది. లెక్కలు చెప్పేవాడి కన్ను. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"ముందు నేను కూర్చున్నానండీ. ఇరవై నిమిషాలు."

మాస్టారు కాలిన కాలిని ఒకసారి నేల మీద సర్దుకున్నాడు. "ఆయన పదమూడే," అని వెళ్లిపోయాడు.

క్లబ్బు కెప్టెన్‌ను మార్చింది. ఇరవై జతల ఆర్డరు ఆమెకే వచ్చింది. పెద్ద బళ్లవాళ్లు బావ వర్క్‌షాపు గుమ్మం తొక్కడం మానేశారు. ఆయన ఇప్పుడు స్కూటర్లకు బ్రేకులు వేస్తున్నాడని, ఎక్కువసేపు కూర్చోలేక నిలబడే పని చేస్తున్నాడని ఎవరో చెప్పారు. రెండో మాట అబద్ధమని ఆమెకు తెలుసు, రెండు రోజుల్లో తగ్గిపోయే మంట అది. అయినా విన్నప్పుడు హాయిగా ఉంది.

బుధవారం అక్క ఫోన్ చేసింది. పలకరింపు లేదు.

"మాస్టారిది నువ్వు చెయ్యలేదు, సరే. ఆదివారంది?"

"చేశాను."

"అడిగింది నేను కదే. ఆయన కాదు. నేను వచ్చి నీ ముందు ఏడిస్తే, ఆ ఏడుపును అడ్డం పెట్టుకుని చేశావా?"

 ఏడాదిగా ఆమె లోపల సిద్ధం చేసుకున్న మాటలన్నీ బావ కోసం. అక్కతో అనడానికి ఒక్కటే ఉంది.

"మీటింగులో నువ్వు ఒక్క మాట అనుంటే ఇంతదాకా వచ్చేది కాదక్కా."

"అవును," అంది అక్క.  ఫోన్ పెట్టేసింది.

నాలుగు నెలలైంది, అక్క మళ్లీ ఫోన్ చెయ్యలేదు. ఈవిడా చెయ్యలేదు. షెడ్డులో పని నిండుగా ఉంది. బావ కాళ్లు ఎడంగా పెట్టి నిలబడిన తీరు గుర్తొస్తే ఇప్పటికీ పని మధ్యలో ఒక్కతే నవ్వుకుంటుంది, ఆ నవ్వులో పశ్చాత్తాపం లేశమైనా ఉండదు. ఎవరైనా అక్క గురించి అడిగితే మాత్రం సుత్తి అందుకుని, చప్పుడులో వినబడనట్టు రేకు మీద దెబ్బలు వేస్తుంది.