ముందు వరుస సీటు

"పులుసు ఎలాగూ మరుగుతోందిగా, పనిలో పనిగా టికెట్లు కూడా చేసెయ్యి" అన్నాడు రొహేలియో, చర్చి నుంచి వచ్చి చొక్కా విప్పుకుంటూ.

పనిలో పనిగా అనే మాట ఆ ఇంట్లో అతని భార్య జెనైదా ఒక్కదానికే వర్తిస్తుంది. పొయ్యి మీద చింతపండు పులుసులో పంది మాంసం ఉడుకుతోంది. మెషీన్లో అత్తగారి దుప్పట్లు తిరుగుతున్నాయి. భోజనాల బల్ల మీద, కోసిన ముల్లంగి ముక్కల పక్కనే, లాప్‌టాప్ తెరిచి ఉంది. మనీలా నుంచి దుమగెతెకి ముగ్గురికి టికెట్లు. జెనైదా వాళ్ళమ్మ పోయి వచ్చే నెలకి ఏడాది. ఆ రోజుకి అమ్మ ఊరు చేరుకోవాలి, సమాధి దగ్గర ప్రార్థన చేయించాలి, వీధి వీధంతటికీ భోజనం పెట్టాలి, ఏడాదిగా కట్టుకుంటున్న సంతాపపు నలుపు విడవాలి. నలుపు విడవడం అంటే ఏడుపు కూడా విడిచేయడమేనట. అత్తగారు కన్సోర్సియా అప్పుడే రెండుసార్లు గుర్తు చేసింది, "అదయ్యాకైనా ఆ మొహం కాస్త తేటపడుతుందేమో" అని.

పేర్లు రాయగానే తెర మీద అలవాటైన పెట్టె తెరుచుకుంది. వెడల్పాటి సీటు, ముందుగా ఎక్కడం, ముందుగా దిగడం, వేడి భోజనం. అప్‌గ్రేడ్ చేసుకుంటారా?

ఆ ప్రశ్నకి జవాబు జెనైదాకి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. బుట్టలూ చాపలూ ఎగుమతి చేసే కంపెనీలో ఆమెది లెక్కలు చూసే ఉద్యోగమే కానీ, మేనేజరుగారి ప్రయాణాలు కూడా ఎప్పుడో ఆమె నెత్తినే పడ్డాయి. "నీ చేత్తో చేస్తే సీటు మంచిది దొరుకుతుంది జెనైదా" అంటాడాయన. అదే జీతంలో ఇంకో పని పెంచడానికి అంతకన్నా తియ్యటి మాట ఉండదు. అందుకని ఎదురింటివాళ్ళ దగ్గర్నుంచి ఆఫీసు డ్రైవరు దాకా అందరూ ఆమెనే అడుగుతారు, కొనమంటావా వద్దంటావా అని. గంటా గంటన్నర ప్రయాణానికి దండగ, కుర్చీ వెడల్పు తెలిసేలోగా దిగిపోతారు అంటుంది. రాత్రంతా ఎగిరే విమానమైతే, పైగా వెళ్ళేది పెద్దవాళ్ళయితే, కళ్ళు మూసుకుని కొనండి అంటుంది. టికెట్ తీసుకునేటప్పుడు చూపించే ధర చూసి హడలిపోకండి, బయల్దేరే ముందు అదే సీటు తగ్గించి ఇస్తారు, కాకపోతే అప్పటికి మిగిలి ఉండాలి అంటుంది. అందరికీ ఇంత చెప్పే మనిషి తనకోసం ఆ పెట్టెలో 'వద్దు' తప్ప ఇంకేదీ నొక్కి ఎరగదు.

అమ్మకోసం ఒక్కసారి నొక్కింది.

నిరుడు సముద్రాలు దాటి, రాత్రంతా ఎగిరే విమానంలో ఫాతిమా మాత దర్శనానికి అందరూ బయల్దేరినప్పటి మాట. రొహేలియో, అతని తల్లి, జెనైదా, జెనైదా తల్లి ఎపిఫానియా. అమ్మ జీవితంలో అదే మొదటి విమానం, ఊరి నుంచి మనీలాకి కూడా ఓడలోనే వచ్చింది. చేపల మార్కెట్లో నిలబడి నిలబడి ఆమె కాళ్ళు సాయంత్రానికి వాచిపోయేవి. ఆ కాళ్ళు తలుచుకునే జెనైదా క్రిస్మస్‌కి వచ్చే పదమూడో నెల జీతం పెట్టి ఆమెకి ముందు సీటు కొంది. ఒక టికెట్‌లో ఎంతమంది ఉంటే అంతమందికీ కలిపి తీసుకుంటేనే ఆఫర్ వర్తిస్తుందన్నారు. అందుకని అమ్మకి వేరే టికెట్ చేసింది. అమ్మ ఆ బోర్డింగ్ పాసుని ప్రార్థన పుస్తకంలో పెట్టుకుని మాటిమాటికీ తీసి చూసుకుంది. "కాళ్ళు పూర్తిగా చాపుకోవచ్చంటనే జెనీ! నిజంగానా?"

విమానంలోకి అడుగుపెట్టగానే కన్సోర్సియా నడుము పట్టుకుని నిట్టూర్చింది. అమ్మ ఊరుకోలేకపోయింది. "పోనీ మీరు కూర్చోండి వదినగారూ అక్కడ" అంది.

గిన్నె ముందు కూర్చున్న వాళ్ళు దారిన పోయే వాళ్ళని 'రండి, తిందాం' అనరూ? దానికి 'మీరు కానివ్వండి' అనడమే జవాబు. ఆ దేశంలో పసిపిల్లలకి కూడా అది తెలుసు. కన్సోర్సియాకి తెలియకేం? కానీ ఆవిడ "సరేలెండి, మీరంతగా అంటుంటే" అని చెయ్యి చాపింది. అమ్మ చెయ్యి పుస్తకం మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత పాసు తీసి ఇచ్చి, నవ్వింది.

"అత్తయ్యా, అది అమ్మ సీటు" అంది జెనైదా. గొంతు తనకే వినబడనంత చిన్నగా వచ్చిందేమో అనుకుని మళ్ళీ అంది.

"వాళ్ళూ వాళ్ళూ పెద్దవాళ్ళు, మనసులు కలిసి మార్చుకుంటుంటే మధ్యలో నీ పుల్ల ఏమిటి?" అన్నాడు రొహేలియో. "మీ అమ్మే ఇచ్చింది కదా. పరువు తియ్యకు."

అమ్మ చిట్టచివరి వరసలో, మరుగుదొడ్డి తలుపుకి ఆనుకుని కూర్చుంది. జెనైదా నిద్రలోకి జారిన కాసేపట్లో, అమ్మ తన వియ్యపురాలు మర్చిపోయిన శాలువా పట్టుకుని ముందుకి వెళ్ళింది. ముందు సీట్లకి అడ్డంగా వేసిన తెర దగ్గర ఎయిర్‌హోస్టెస్ పిల్ల ఆపింది, "ఇటు రాకూడదండీ, మీ సీటు వెనకాల" అని. శాలువా మాత్రం తీసుకుని తెర వేసేసింది. అమ్మ తిరిగొచ్చి జెనైదాని తట్టి లేపి సంబరంగా చెప్పింది. "సందులోంచి చూశానే. మంచంలాగే వాల్చేసుకుని పడుకుంది వదినగారు. దుప్పటి కూడా ఇచ్చారు, తెల్లగా ఎంత బావుందో!"

సీటు పోయినందుకు కాదు, అమ్మ దాన్ని సందులోంచి చూసి కూడా సంతోషపడగలిగినందుకు జెనైదా గుండె పగిలింది. ఆ పగులు ఇప్పటికీ అతుక్కోలేదు. తిరిగొచ్చిన కొద్ది నెలలకే అమ్మ నిద్రలో పోయింది. కన్సోర్సియాని ఎవరైనా ప్రయాణం సంగతి అడిగితే "ముందు సీటంటే ఏదో అనుకున్నాను, ఏమంత లేదమ్మా" అని తీసిపారేస్తుంది.

"ఎంతసేపూ?" అంటూ రొహేలియో వచ్చి ఆమె భుజం మీంచి తెరలోకి తొంగి చూశాడు. "అప్‌గ్రేడా? గంటన్నరకి ఏ తెలివితక్కువ వాడు కొంటాడది? కొట్టెయ్." రెండడుగులు వేసి ఆగాడు. "ఆగాగు, అమ్మకి మాత్రం తీసుకో. నడుము కదా."

ముల్లంగి ముక్కల మీద ఈగ వాలింది. జెనైదా దాన్ని తోలింది. "ముగ్గురం ఒకే టికెట్‌లో ఉన్నాం. తీసుకుంటే ముగ్గురికీ తీసుకోవాలి" అంది.

"దానికంత ఆలోచనేముంది? నేనూ అమ్మా కలిసి ముందు కూర్చుంటాం. నిన్ను వేరే టికెట్‌లో వేసుకో."

వెళ్ళేది ఆమె తల్లి సంవత్సరీకానికి. ఆ ముక్క అతనికి తట్టలేదు. తట్టి కూడా అన్నాడంటే అది ఇంకా ఘోరం. జెనైదా మొహంలోకి చూడనన్నా లేదు, అరటిపండు వలుచుకుంటూ టీవీ ముందుకి వెళ్ళిపోయాడు. ఆమెకి కోపం రాలేదు. వస్తే బావుండేది. లోపల ఏదో తడిసిన గుడ్డలా బరువుగా జారి కిందికి పడింది. ఇన్నేళ్ళూ అలిగి ఎక్కడికైనా పోదామనుకున్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డు. ఆ దేశంలో పెళ్ళిని విడగొట్టే చట్టం లేదు, ఫాదర్‌గారికి చెప్పుకుంటే సర్దుకోమంటారు, కూతురేమో ఇంకా హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. అయినా పోవడం అంటే పెట్టెలతో, అరుపులతో, నలుగురి మధ్యా జరగాలని ఆమె ఎందుకనుకుందో. ఇంటి యజమాని తనంతట తానే చెప్పాడు, నిన్ను వేరే వేసుకో అని.

పేర్లున్న పేజీకి వెనక్కి వెళ్ళింది. కన్సోర్సియా పేరు తీసేసింది. రొహేలియో పేరు తీసేసింది. మూడు వరసలుండే చోట తన పేరు ఒక్కటే మిగిలితే పేజీ ఎంత ఖాళీగా ఉందో! తిరుగు ప్రయాణం ఎప్పుడని అడిగితే, 'వెళ్ళడం మాత్రమే' అనే గడి నొక్కింది. సెలవెన్నాళ్ళో రేపు ఆఫీసుకి వెళ్ళి ఆలోచించుకోవచ్చు. కూతురికి తనే ఫోన్ చేసి చెప్తుంది. అమ్మ ఇంటి తాళంచెవి ఆమె దగ్గరే ఉంది.

అప్‌గ్రేడ్ పెట్టె మళ్ళీ తెరుచుకుంది. మొదటిసారిగా జెనైదా ఆ ప్రశ్న తనకోసం చదువుకుంది. పక్కన ఎవరూ లేరు, వద్దనేవాళ్ళు లేరు, పరువు పోయేవాళ్ళు లేరు. గంటన్నర ప్రయాణం. తనకి కావలసింది వెడల్పాటి కుర్చీ కాదు. అది కావలసిన మనిషి పోయింది. కళ్ళు నిండి తెర అలుక్కుపోతే, చొక్కా చేతికే తుడుచుకుని, 'వద్దు' నొక్కి, డబ్బు కట్టేసింది. ఆ తర్వాత లేచి పొయ్యి కట్టేసింది.

టీవీ ముందు నుంచి రొహేలియో కేకేశాడు. "అయ్యిందా టికెట్?"

"అయింది" అంది జెనైదా, లాప్‌టాప్ తెచ్చి అతని ఒళ్ళో పెడుతూ. "నాది అయింది. మీది మీరు చేసుకోండి."