ఆకుపచ్చ ట్యాగులు

తాళం పగిలి తలుపు తెరుచుకునేసరికి ఆరుగురూ నేలమీదే ఉన్నారు.

యూపీఎస్ బ్యాటరీలు పెట్టే గది అది. మనుషుల కోసం కట్టింది కాదు. కిటికీ లేదు. యాసిడ్ వాసన గొంతులోకి సూదిలా దిగుతుంది. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఆ కాల్ సెంటర్‌లో ఒక ఆనవాయితీ ఉంది. కింద వీధిలో పోలీసు జీపు ఆగిందంటే చాలు, షిఫ్టులో ఉన్న విదేశీ విద్యార్థుల చేత హెడ్‌సెట్లు తీయించి, ఆ గదిలోకి తోసి తాళం వేస్తారు. పోలీసులు కాఫీ తాగి వెళ్తారు. తాళం తీస్తారు. పిల్లలు దగ్గుకుంటూ వచ్చి మళ్ళీ కాల్స్ అందుకుంటారు. ఆ రోజు మేనేజర్ అభిజిత్ వచ్చినవాళ్ళకి కాఫీతో సరిపెట్టలేదు, భోజనానికి తీసుకెళ్ళాడు. తాళంచెవి అతని జేబులోనే వెళ్ళిపోయింది.

ముందు డెస్కులో కూర్చునే జ్ఞానప్రకాశం ఫోను మీద ఫోను చేశాడు. అభిజిత్ ఎత్తలేదు. లోపల్నుంచి తలుపు బాదుతున్న చప్పుడు మెల్లగా తగ్గిపోతుంటే, నేల తుడుస్తున్న మార్త కర్ర విసిరేసింది. గోడకున్న మంటలార్పే సిలిండర్ ఊడబెరికి తాళం మీద కొట్టింది.

ఐదుగురు పాక్కుంటూ బయటికొచ్చారు. నీమా రాలేదు.

నీమాది టాంజానియా. బీబీఏ ఆఖరి సంవత్సరం. చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. మందు పీల్చుకునే పంపు ఆమె డెస్కు మీదే ఉండిపోయింది. పెదాలు బూడిదరంగుకి తిరిగాయి. తనే ఊపిరాడక వగరుస్తున్న ఒక సూడాన్ కుర్రాడు చొక్కా విప్పి మడిచి ఆమె తల కింద పెట్టాడు. జ్ఞానప్రకాశం ఆ చొక్కానే చూస్తూ ఒక్క క్షణం నిలబడిపోయాడు. భార్య పోయినప్పట్నుంచీ అతనికి అదొక అలవాటు. ఎంత చెడ్డ చోటైనా అతని కన్ను ముందు ఇలాంటిదాన్నే వెతుక్కుంటుంది.

అప్పుడే లిఫ్టులోంచి దిగాడు అభిజిత్, పళ్ళు కుట్టుకుంటూ.

"అంబులెన్స్ వద్దు! కంపెనీ పేరు రాకూడదు. షీ ఈజ్ ఎ విజిటర్. విజిటర్‌కి ఒంట్లో బాగోకపోతే మనమేం చేస్తాం?"

"విజిటరా?" అంది మార్త. "నిన్న ఈ బిడ్డ పని చేసిన కుర్చీ తుడిచింది నేనే గదప్పా!"

"నువ్వు తుడుచుకో. మాట్లాడకు."

విజిటర్ అన్న మాట ఎక్కడిదో వినండి. చదువు వీసా మీద వచ్చినవాళ్ళు ఉద్యోగం చెయ్యకూడదని ఒక రూలు. చదువయ్యాక ఇక్కడే ఉండి పని చెయ్యాలంటే కంపెనీ పెద్ద జీతం చూపించి లెటర్ ఇవ్వాలని ఇంకో రూలు. ఈ రెండు రూల్స్ మధ్య ఇరుకులో అభిజిత్ ఇరవై కుర్చీలు వేసుకున్నాడు. స్వాహిలీ, ఫ్రెంచి, అరబ్బీ మాట్లాడే గొంతులు అతనికి చవగ్గా కావాలి. ఆ పిల్లలకి ఐడీ కార్డులుండవు. రోజూ పొద్దున జ్ఞానప్రకాశం వాళ్ళ మెడలో ఆకుపచ్చ విజిటర్ ట్యాగు వేసి లోపలికి పంపాలి, సాయంత్రం తీసుకోవాలి. "డిగ్రీ అవ్వనీ, లెటర్ ఇస్తా," అనేవాడు అభిజిత్. ఎవరైనా గొంతు పెంచితే నవ్వేవాడు. "ఒక్క ఫోన్ కాల్ చాలు. నెక్స్ట్ ఫ్లైట్‌లో ఉంటావ్."

మార్తా, జ్ఞానప్రకాశమూ నీమాని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. స్టెతస్కోపు చల్లగా ఉందని నర్సు దాన్ని అరచేతిలో రుద్ది మరీ ఆమె వీపుకి ఆనించింది. అది చూసి జ్ఞానప్రకాశం మనసు మెత్తబడింది. కౌంటర్‌లో డాక్టరు, "ఎక్కడ జరిగింది?" అనడిగితే దాచాలన్న ఆలోచనే రాలేదు. పాత మిషన్ కాలేజీలో బీఏ చదివినవాడు, డాక్టరు దగ్గరా పాదిరి దగ్గరా అబద్ధం ఆడకూడదని పెరిగినవాడు.

"ఆఫీసులో సార్. ఈ అమ్మాయి పని చేసే చోట."

డాక్టరు తలెత్తి ఆమె పాస్‌పోర్టు చూశాడు. పోలీసు కేసని రాశాడు. రాయకపోతే అతని మెడకి చుట్టుకుంటుంది.

సాయంత్రానికి ఊపిరి కుదుటపడ్డాక నీమాకి విషయం తెలిసింది. పోలీసులకి చెప్పారు, పోలీసులు విదేశీయుల ఆఫీసుకి చెప్పారు. నెలాఖరున ఆఖరి పరీక్షలు. మార్త దగ్గర నేర్చిన తెలుగులో అడిగింది, కోపంగా కాదు, తెలియక అడిగినట్టు.

"అంకుల్, పని అనే మాట ఎందుకు అన్నారు?"

"నిజమే కదమ్మా."

"మీకు నిజం. నాకు ఫ్లైట్."

జ్ఞానప్రకాశం నిజాయితీ ఖర్చు ఆ పిల్ల కట్టుకోవాలి. నిజం చెబితే పని చేసిందని పంపేస్తారు. అబద్ధం చెబితే అభిజిత్ గెలుస్తాడు. అటూ ఇటూ ఆమెకే దెబ్బ తగిలేలా ఆ రూలు రాసి ఉంది.

అభిజిత్ అబద్ధం మర్నాడే తయారైంది. అందర్నీ ప్యాంట్రీలో నిలబెట్టి చెప్పాడు.

"రేపు ఇన్‌స్పెక్టర్ వస్తాడు. స్టేట్‌మెంట్స్ తీసుకుంటాడు. అందరిదీ ఒకటే లైన్. ఆ అమ్మాయి విజిటర్‌గా వచ్చింది. రాగి కేబుల్స్ కొట్టేద్దామని బ్యాటరీ రూమ్‌లో దూరింది. తలుపు పడిపోయింది. దట్సాల్. ఇది చెప్తే అందరి జాబ్స్ సేఫ్. లేదా సెంటర్ క్లోజ్. మీ ఇష్టం."

కాఫీ మెషీన్ ఒక్కటే గురగురమంటోంది.

షిఫ్టు అయ్యాక జనమంతా బేస్‌మెంట్ పార్కింగ్‌లో పోగయ్యారు. ఎవరూ పిలవలేదు. ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదంతే. విదేశీ పిల్లలు ఒక స్తంభం దగ్గర, మనవాళ్ళు బైకుల దగ్గర. మధ్యలో ఖాళీ.

మొదట నోరు విప్పింది ప్రవీణ్. నరసరావుపేట కుర్రాడు, టీమ్ లీడ్.

"చెప్పేస్తే పోలా? నాకు హోమ్ లోన్ ఉంది బాస్. వాళ్ళొచ్చాకే కదా మన ఇంక్రిమెంట్లు ఆగింది. సగం జీతానికి చేస్తారు, మన నోట్లో మట్టి. ఇప్పుడు వాళ్ళ కోసం మనం రోడ్డున పడాలా?"

"అవును, వాళ్ళనెవడు రమ్మన్నాడు?" వెనకనుంచి ఎవరో అన్నారు.

"సగం జీతం వాళ్ళు అడిగినారా, వాడు ఇచ్చినాడా?" మార్త కొంగు నడుముకి చెక్కింది. "నువ్వు కూడా ఐర్లాండులో చదివొచ్చినావంట కదప్పా. ఫోటోలు చూపించినావు, మంచులో నవ్వుకుంటా. ఆడ నిన్నెవరూ గదిలో పెట్టి తాళమెయ్యలేదా? దొరబిడ్డ మాదిరి చూసుకున్నారా?"

కొందరు నవ్వారు. ప్రవీణ్ నవ్వలేదు. బైకు సీటు మీద గోరుతో గీశాడు.

"గది కాదక్కా. కోల్డ్ స్టోరేజ్."

నవ్వులు ఆగిపోయాయి.

"డబ్లిన్‌లో రెస్టారెంట్. చదువుకునేవాడు వారానికి ఇరవై గంటలే చెయ్యాలని రూలు. ఓనర్ రోజంతా చేయించేవాడు. చెకింగ్ అంటే మాంసం డబ్బాల మధ్యలోకి తోసి తలుపేసేవాడు. వేళ్ళు నీలంగా అయిపోయేవి." తన వేళ్ళ వంక చూసుకున్నాడు. "వాడేం తెల్లోడు కాదు. మనోడే. తెలుగోడే. 'ఒక్క ఫోన్ కొడితే చాలు రా తమ్ముడూ' అనేవాడు. సేమ్ డైలాగ్. సేమ్ నవ్వు. ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు నేను."

"మరి ఇన్నాళ్ళూ తెలిసే ఊరుకున్నావా?" స్తంభం దగ్గర్నుంచి తెలుగు కొంచెం అర్థమయ్యే సూడాన్ కుర్రాడు ఇంగ్లీషులో అడిగాడు.

"తెలిసే," అన్నాడు ప్రవీణ్. "నేను పడ్డాను కదా, నువ్వూ పడు అనుకున్నా. అంతే బాస్. అంత నీచంగానే అనుకున్నా."

వినండి, యజమానికి కావలసింది సరిగ్గా అదే. నిన్న దెబ్బ తిన్నవాడు ఇవాళ దెబ్బ తినేవాణ్ణి చూసి తృప్తిపడాలి. డబ్లిన్‌లో తెలుగువాడు పరాయివాడు, బెంగళూరులో టాంజానియా పిల్ల పరాయిది. తాళం వేసేవాడు మాత్రం ఎక్కడా పరాయివాడు కాడు.

నీమా లిఫ్టు పక్క మెట్ల మీద కూర్చుని వింటోంది. ఆసుపత్రి నుంచి వచ్చి మార్త ఇంట్లో ఉంటోంది. రెయిలింగ్ పట్టుకుని లేచింది.

"నేను దొంగ కాదు. మా అమ్మ చేపలు అమ్మి పంపించింది. పంపిస్తే పని చేసిందని పంపించండి. దొంగ అని వద్దు."

అంత పొడుగు మాటకే ఆయాసం వచ్చింది. మార్త ఆమె వీపు రాసింది.

"పోతే నువ్వొక్కదానివే ఎందుకు పోవాల?" అంది మార్త. "పని చేసింది తప్పంట. చేయించినోడు ఏసీలో కూచునుండాడు. అన్నా, నువ్వు బీఏ చదివినావు, మాట్లాడు!"

జ్ఞానప్రకాశం సభల్లో మాట్లాడే మనిషి కాదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడుస్తూనే అన్నాడు.

"ఆసుపత్రిలో నేనొక్కణ్ణే నిజం చెప్పినా. అందుకే అది ఈ బిడ్డ మీద పడింది. నిజం ఒక్కడు చెప్పేది కాదేమో. ఈ పిల్ల విజిటరైతే, పక్క కుర్చీలో కూచుని అదే పని చేసిన మీరెవరు? నా డ్రాయర్లో కట్టలకొద్దీ ట్యాగులుండాయి. రేపు అందరికీ ఒకటొకటి ఇస్తా."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ప్రవీణ్ ఒక్కసారి ఈల వేశాడు. బైకుల దగ్గరున్నవాళ్ళూ, స్తంభం దగ్గరున్నవాళ్ళూ ఎప్పుడు కలిసిపోయారో ఎవరూ గమనించలేదు. ఒక్క మాట మీద మాత్రం గట్టిగా నిలబడ్డారు. రేపు విదేశీ పిల్లలెవరూ ఆఫీసు చుట్టుపక్కలకి రాకూడదు. పట్టుబడితే చదువులు పోతాయి. నీమా ఒక్కతే వస్తుంది, ఎలాగూ ఆమెని పిలిచారు కాబట్టి.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ఫోన్లన్నీ మోగుతున్నాయి. ఒక్కరూ ఎత్తడం లేదు. అందరూ కుర్చీల వెనక నిలబడ్డారు. అందరి మెడల్లోనూ ఆకుపచ్చ ట్యాగులే.

"ఇక్కడ కెలసం చేసేదెవరప్పా?" ఇన్‌స్పెక్టర్ అయోమయంగా చూశాడు.

"పని చేసేవాళ్ళెవరూ లేరు సార్," అన్నాడు ప్రవీణ్. "అందరం విజిటర్లమే."

అభిజిత్ ముఖం ఎర్రబడింది. "ప్రవీణ్! ఏంటీ నాన్సెన్స్? కాల్స్ తియ్యండి!"

"విజిటర్లు కాల్స్ ఎట్ల తీస్తారు సార్?" అంది మార్త. ఆమె మెడలోనూ ట్యాగు ఉంది. "కుర్చీ వెయ్యండి, కాఫీ తెప్పించండి. వచ్చినోళ్ళకి మర్యాద చెయ్యరా?"

"డ్రామాలాడతారా?" ఇన్‌స్పెక్టర్ లాఠీతో బల్ల మీద కొట్టాడు.

"డ్రామా రాసింది ఆయన సార్," అన్నాడు ప్రవీణ్. " మేము వేషాలేసుకున్నాం."

జ్ఞానప్రకాశం నీమాతో పాటు ముందుకొచ్చాడు. "సార్, ఈ అమ్మాయి దొంగతనానికి రాలేదు. ఇక్కడ పని చేసింది. చేయించింది ఈయన. బ్యాటరీ గదిలో పెట్టి తాళమేసిందీ ఈయనే. మేమందరం చూసినాం."

"చూశాం!" అన్నారు వెనకనుంచి. అది ఒక్క గొంతు కాదు, మొత్తం ఫ్లోరు.

ఇన్‌స్పెక్టర్ చిరాకు పడ్డాడు. "నాకొచ్చిన కంప్లైంటు ఈ పిల్ల మీద. వీసా రూలు."

"ఆ రూల్లో తాళమేసినోడి పేరు లేదా సార్?" అంది మార్త.

"నా చేతిలో ఉన్న కాగితంలో లేదు. అంతే తెలుసు నాకు."

"ట్యాగులిచ్చింది ఈ ముసలాడే!" అభిజిత్ వేలు చూపించాడు. "ఇల్లీగల్‌గా లోపలికి పంపింది ఈయనే. స్టాఫ్‌ని రెచ్చగొట్టిందీ ఈయనే."

"ఇచ్చింది నేనే," అన్నాడు జ్ఞానప్రకాశం. "ఎవరు ఇమ్మన్నారో కూడా రాసుకోండి."

అది రాసుకోలేదు. జ్ఞానప్రకాశాన్నీ నీమానీ కిందికి దించారు. జీపు ఎక్కిస్తున్నప్పుడు ఒక కానిస్టేబుల్, తల తగులుతుందని పైకప్పు అంచుకి చెయ్యి అడ్డం పెట్టాడు. జ్ఞానప్రకాశం అతని ముఖంలోకి చూశాడు. అతను చూపు తిప్పుకున్నాడు. మంచివాళ్ళు ఉన్నారు ఈ జీపులో కూడా. జీపు మాత్రం స్టేషన్‌కే పోతుంది.

కానీ అది కదల్లేదు. ప్రవీణ్ బానెట్ ముందు రోడ్డు మీద కూర్చున్నాడు. అతని వెనక ఆఫీసు ఫ్లోరంతా. పక్క బిల్డింగు సెక్యూరిటీవాళ్ళు గేట్లొదిలి వచ్చారు. డెలివరీ కుర్రాళ్ళు బళ్ళకి స్టాండు వేశారు. లాఠీ ఒకరి భుజం మీద పడింది, ఇంకొకరి మోకాలి మీద పడింది. ఒక్కరూ లేవలేదు.

అప్పుడు కనబడ్డారు వాళ్ళు, మలుపులో ఉన్న బేకరీ దగ్గర్నుంచి వస్తూ. రావొద్దన్న విదేశీ పిల్లలు.

"అయ్యో, పొండి!" మార్త అరిచింది. "పారిపోండి రా నాయనా, మీకేమైనా పిచ్చా!"

"గో బ్యాక్!" ప్రవీణ్ చేతులూపాడు. "గో, గో!"

వాళ్ళు పరుగెత్తలేదు. తిన్నగా నడిచొచ్చారు. సూడాన్ కుర్రాడు ఇన్‌స్పెక్టర్ ఎదుట ఆగాడు.

"నా పేరు యాసిర్. మూడో వరస, కిటికీ పక్క కుర్చీ. పని చేశాను. రాసుకోండి."

రోడ్డు మీద కూర్చున్నాడు. అతని పక్కన ఇంకొకడొచ్చి తన పేరు చెప్పి, వరస చెప్పి కూర్చున్నాడు. ఆ తరవాత ఒక కాంగో అమ్మాయి. జీపు లోపల్నుంచి నీమా తన పేరు గట్టిగా చెప్పింది. ప్రవీణ్ లేచి నిలబడి తన పేరు చెప్పాడు. ఇక వరసగా అందరూ మొదలుపెట్టారు. తెలుగు పేర్లూ, కన్నడ పేర్లూ, ఆఫ్రికా పేర్లూ.

"ఒక్కొక్కరు! ఒక్కొక్కరు చెప్పండి!" ఇన్‌స్పెక్టర్ అరుస్తున్నాడు.

మార్త జనాన్ని తోసుకుంటూ వచ్చి జీపు ముందు కాళ్ళు బారచాపి కూర్చుంది.

"మార్త. అన్ని వరసలూ తుడిచేది నేనే. రాసుకో."