ఎండాకాలం ఫోటోలు

మా చెల్లి అంగారకుడి మీద ఉంటుంది. ఈ మాట చెప్తే జనం నోరెళ్ళబెడతారు గానీ, అక్కడ దాని బతుకల్లా ఆరుగురు మనుషులు, రెండు గదులు, కిటికీలోంచి కనిపించే ఒక ఇసుక కొండ. ఆ కొండ కింద ఇల్లు పెట్టొచ్చని సంతకం చేసింది నేనే.

నా ఉద్యోగం ఫోటోలు పోల్చడం. పైనుంచి తీసిన ఒకే చోటి ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని, నేల ఎక్కడ కదిలిందో చూడాలి. మా గదిలో ఒక నియమం ఉంది. ఎండాకాలం ఫోటోని ఎండాకాలం ఫోటోతోనే పోల్చాలి. చలికాలంలో అక్కడి గాలే గడ్డకట్టి కొండంతా తెల్లగా పరుచుకుంటుంది, ఆ తెలుపు కళ్ళని మోసం చేస్తుంది. అందుకని చలికాలంవీ, చలి విరిగేటప్పటివీ తెరవకుండానే పక్కన పడేస్తాం. ఈ నియమం పెట్టిన మహాతల్లిని కూడా నేనే. ఎవరైనా తెరిచారో, తిట్టిపోసేదాన్ని.

అక్కడి లెక్కలో మూడేళ్ళ ఎండాకాలాలు చూశాను. కొండ వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

నిన్న పంపిన కబురులో చెల్లి మాటల మధ్యలో ఒక సంగతి చెప్పింది. అక్కడ చలి విరుగుతోందట. పొద్దున ఎండ తగలగానే కొండ మీద ఎవరో బస్తా ఈడుస్తున్నట్టు చప్పుడట. అది నవ్వుతూనే చెప్పింది, నాకు మాత్రం తిండి సహించలేదు.

ఇవాళ ఆఫీసుకి రాగానే పడేసిన ఫోటోలన్నీ తెరిచాను. మొదటి ఏడు చలి విరిగేటప్పుడు కొండ నడుమున ఒక గాడి. గడ్డకట్టిన గాలి ఎండకి ఒక్కసారిగా ఆవిరై ఇసుకని కిందికి తోసేసింది. రెండో ఏడు ఆ గాడి ఇంకా కిందికి దిగింది. మూడో ఏడు, ఇప్పుడు ఇల్లున్న చోటికి వంద అడుగుల దూరంలో ఆగింది. ఏటా ఎండాకాలానికి దుమారాలొచ్చి దాన్ని పూడ్చేసి, నా ఫోటో కోసం కొండని నున్నగా సర్దిపెట్టాయి.

నా బుద్ధి గడ్డి తిందని చెప్పడానికి మా ఆఫీసు పెద్దాయన గదికి పరిగెత్తాను. ప్రతిదానికీ నాతో పేచీ పెట్టుకునే మనిషి, ఫోటోలు చూసి మైకు నా ముందుకి జరిపాడు. కబురు నన్నే పంపమన్నాడు. ఉన్నపళంగా ఇల్లు వదిలి దూరంగా పొమ్మని పంపాను. మాట అక్కడికి చేరడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది.

మూడు నిమిషాలకే చెల్లి గొంతు వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. తర్వాత వెలిగింది, అది నా కబురు కంటే ముందే అక్కడ బయల్దేరిన మాట.

"అక్కా, చప్పుడు ఎక్కువైందని వీళ్ళంతా తెల్లారకముందే సామాన్లు బండికెక్కించారు. ఇది మా అక్క చూసిన కొండ, ఏం కాదని చెప్పి అందర్నీ వెనక్కి తీసుకొచ్చాను. ఇప్పుడే లోపలికొచ్చి పడుకున్నారు, పాపం. ఎండ రాబోతోంది, ఉంటాను."

పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. నా మాట వాళ్ళకి చేరడానికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది.